వాన ఆగాక ఏంటి? పోకెమాన్ డబుల్స్‌లో వెదర్ టీమ్ లెక్క

క్లుప్తంగా: వాన, ఎండ, ఇసుక, మంచు ఏదైనా మామూలుగా ఉండేది 5 టర్న్‌లే (టర్న్ అంటే ఇద్దరూ తమ ఎత్తులు వేసే ఒక విడత). ఆ 5 కూడా అవతలివాడు చూస్తూ ఊరుకుంటేనే. అందుకే ఇలా ఒక వాతావరణాన్ని నమ్ముకుని కట్టే వెదర్ టీమ్‌ను తూచాల్సింది వాన పడుతున్నప్పుడు ఎంత గట్టిగా కొడుతుందో చూసి కాదు, వాన లేని టర్న్‌లలో ఏం చేస్తుందో చూసి. వెదర్ తెచ్చేది ఒకటి, దాని మీద బతికేవి ఒకటో రెండో, మిగతావి ఏ ఆకాశం కిందైనా ఆడగలిగేవి. పోటీల్లో నిలబడే టీమ్‌లు దాదాపుగా ఈ కొలతకే వస్తాయి. ఎందుకు వస్తాయన్నదే కింద ఉన్న సంగతి.

టీమ్ బాగుంది, మ్యాచ్ పోయింది

పోకెమాన్ పోటీ ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది మొదట కట్టేది వాన టీమే. పెలిప్పర్‌ను దించితే చాలు, డ్రిజిల్ అనే ఎబిలిటీ (పోకెమాన్‌కి సహజంగా ఉండే గుణం) వల్ల దానంతట అదే వాన మొదలవుతుంది. వానలో నీటి దెబ్బ ఒకటిన్నర రెట్లవుతుంది, నిప్పు దెబ్బ సగానికి పడిపోతుంది, మామూలుగా 70 శాతమే తగిలే థండర్, హరికేన్ గురి తప్పవు, స్విఫ్ట్ స్విమ్ ఉన్న పోకెమాన్ వేగం రెట్టింపవుతుంది. ఒక్క పోకెమాన్‌ను దించినందుకు ఇన్ని వస్తుంటే, ఆరు స్థానాల్లోనూ నీటివాటినే నింపేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది.

నింపేశాక కొన్ని మ్యాచ్‌లు గెలుస్తారు కూడా. తర్వాత ఒకరోజు ఎదురుగా గ్యాస్ట్రోడాన్ వచ్చి కూర్చుంటుంది. దాని స్టార్మ్ డ్రెయిన్ ఎబిలిటీ డబుల్స్‌లో పక్కనున్న పోకెమాన్ మీదకి వెళ్లే నీటి దెబ్బను కూడా తన మీదకి లాక్కుంటుంది, దెబ్బ తినకపోగా దాని స్పెషల్ అటాక్ ఒక మెట్టు పెరుగుతుంది. లేదా టోర్కోల్ వస్తుంది, ఆకాశం వానలోంచి ఎండలోకి మారిపోతుంది, రెట్టింపు వేగంతో ఉండాల్సిన పోకెమాన్ మామూలు వేగంతో నిలబడి దెబ్బలు తింటుంది. ఓడినవాళ్లు సాధారణంగా పెలిప్పర్‌ను తిట్టుకుంటారు. తప్పు పెలిప్పర్‌ది కాదు, దాని పక్కన పెట్టిన ఐదింటిది.

ఇక్కడ మాట్లాడేది ప్రధానంగా డబుల్స్ గురించి, అంటే వీజీసీ అనే అధికారిక పోటీ పద్ధతి: ఆరు పోకెమాన్‌తో వచ్చి, ఎదుటి ఆరింటిని చూసి, వాటిలోంచి నాలుగు ఎంచుకుని, 50వ లెవెల్‌లో రెండేసి చొప్పున దించడం. కన్సోల్ లేనివాళ్లు బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే పోకెమాన్ షోడౌన్‌లో ఆడేది కూడా ఇవే నిబంధనలతో. సింగిల్స్ లెక్క కొంచెం వేరు, దాని సంగతి చివర్లో.

ఆగని వాన నుంచి 5 టర్న్‌ల వాన దాకా

వాన, ఎండ, ఇసుక తుఫాను ఆటలోకి వచ్చింది 1999లో జపాన్‌లో విడుదలైన గోల్డ్, సిల్వర్‌తో. అప్పుడు వాటిని మూవ్ (పోకెమాన్ టర్న్‌లో వేసే ఎత్తు) వాడి తెచ్చుకోవాలి, అంటే ఒక టర్న్ ఖర్చు. 2002 నాటి రూబీ, సఫైర్‌లో వడగళ్లు వచ్చాయి, దిగగానే వెదర్ తెచ్చే ఎబిలిటీలూ వచ్చాయి. ఎబిలిటీతో వచ్చిన వానకు గడువు లేదు, ఇంకొకడు మార్చేదాకా పడుతూనే ఉంటుంది. అయితే డ్రిజిల్ ఉన్నది కయోగ్రేకి, ఎండ తెచ్చే డ్రౌట్ ఉన్నది గ్రౌడాన్‌కి. రెండూ మామూలు పోటీల్లో అనుమతి లేనివే కాబట్టి పెద్ద గొడవ రాలేదు. ఇసుక తెచ్చే టైరానిటార్ ఒక్కటే అందరికీ అందుబాటులో ఉండేది.

గొడవ మొదలైంది 2010లో, ఐదో తరంతో. పోలిటోడ్ లాంటి సాధారణ పోకెమాన్‌కి డ్రిజిల్, నైన్‌టేల్స్‌కి డ్రౌట్ ఇచ్చేశారు. ఇక ఆగని వాన, దాని కింద రెట్టింపు వేగంతో కింగ్డ్రా, ల్యూడికోలో. సింగిల్స్ నిబంధనలు రాసే స్మోగన్ అనే అభిమానుల వెబ్‌సైట్‌లో చివరికి ఒకే టీమ్‌లో డ్రిజిల్, స్విఫ్ట్ స్విమ్ రెండూ ఉండకూడదని రూల్ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మ్యాచ్ అంటే చాలావరకు ఎవరి వెదర్ పోకెమాన్ ముందు చస్తుందన్న పోటీ. చచ్చిందా, మిగతా ఐదూ చెరువులోంచి తీసి గట్టున పడేసిన చేపలే.

2013లో ఆరో తరం ఈ లెక్కను మూలం నుంచి మార్చింది. ఎబిలిటీతో వచ్చినా సరే వెదర్ 5 టర్న్‌లే అన్నారు, దానికి సంబంధించిన రాయి పట్టుకుంటే 8. నేటి టీమ్ నిర్మాణమంతా ఈ ఒక్క మార్పు నుంచి పుట్టిందే అనొచ్చు. అంతకుముందు వెదర్ సొంత పొలం లాంటిది, ఆ తర్వాత కౌలు. గడువు తీరేలోపు పంట చేతికి రావాలి.

5 టర్న్‌లంటే నిజంగా ఎన్ని

ప్రతి టర్న్ చివర ఒకటి తగ్గుతూ వస్తుంది. పెలిప్పర్‌ను మ్యాచ్ మొదట్లోనే దించితే 5 టర్న్‌లూ పూర్తిగా వాడుకోవచ్చు. మధ్యలో మరొకదాన్ని లోపలికి లాగి పెలిప్పర్‌ను దించితే ఆ టర్న్ కూడా 5లోకే వస్తుంది: పక్కనున్న పోకెమాన్‌కి 5 టర్న్‌ల వాన, పెలిప్పర్‌కి కొట్టే అవకాశం నాలుగింట్లోనే. ఏదైనా పడిపోయాక దాని స్థానంలో పెలిప్పర్ వస్తే మాత్రం అది టర్న్ ముగిశాక వచ్చినట్టు, కాబట్టి మళ్లీ పూర్తి 5. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక్కోసారి పడిపోబోయేదాన్ని కాపాడే ప్రయత్నం కూడా చేయరు. అది పడిపోతేనే వాన ఒక టర్న్ ఎక్కువ దక్కుతుంది.

ఇంకో చిక్కు: వాన పడుతుండగా డ్రిజిల్ మళ్లీ పనిచేయదు. రెండు టర్న్‌లు మిగిలి ఉన్నప్పుడు పెలిప్పర్‌ను లోపలికి తీసి మళ్లీ దించితే గడువు 5కి పెరగదు, ఆ రెండూ అయ్యాక వాన ఆగిపోతుంది, అది అక్కడే తడిసి నిలబడి ఉంటుంది. వాన ముగిసే టర్న్‌కి పెలిప్పర్ బయట ఉండకూడదు, లోపల ఉండాలి, తర్వాతి టర్న్‌లో దిగాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ చిన్న లెక్కలోనే.

మరి 8 టర్న్‌ల కోసం వాన రాయి, అంటే డ్యాంప్ రాక్, పట్టించాలా? డబుల్స్‌లో చాలా మ్యాచ్‌ల ఫలితం తొలి ఐదారు టర్న్‌లలోనే తేలిపోతుంది. పెలిప్పర్‌కి విద్యుత్ దెబ్బ నాలుగు రెట్లు, ప్రాణమా అంతంత మాత్రం (బేస్ హెచ్‌పీ, అంటే ఆ జాతికి ఉండే ప్రాణం అంకె, 60). ఒక్క దెబ్బకు చచ్చే చోట ఒక్క ప్రాణంతో మిగలనిచ్చే ఫోకస్ సాష్ పట్టిస్తే అది బతికి, సొంతవాళ్ల వేగాన్ని పెంచే టెయిల్‌విండ్ వేస్తుంది, లేదా తర్వాత మళ్లీ దిగి రెండోసారి వాన తెస్తుంది. 5 ప్లస్ 5 పది, 8 కంటే ఎక్కువే కదా. బతికి ఉన్న పెలిప్పరే అసలైన డ్యాంప్ రాక్ అనుకుంటే డబుల్స్‌లో సాష్‌కే మొగ్గు. ఎదుటివాళ్ల టీమ్‌లో ఇసుక ఉంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఇసుక టర్న్‌కి పదహారో వంతు ప్రాణం తీస్తుంది, నిండు ప్రాణం లేకపోతే సాష్ పనిచేయదు.

నిదానమే ఆకాశం

ఇద్దరూ వెదర్ టీమ్‌లతోనే వచ్చి, రెండు వెదర్ పోకెమాన్ ఒకేసారి దిగితే ఏమవుతుంది? వేగం ఎక్కువున్నదాని ఎబిలిటీ ముందు పనిచేస్తుంది, నిదానమైనది తర్వాత. తర్వాత వచ్చిన వెదరే మిగులుతుంది. అంటే ఈ ఒక్క చోట నత్తదే గెలుపు.

పెలిప్పర్ బేస్ వేగం 65, టోర్కోల్‌ది 20. పెలిప్పర్ ఎన్ని తంటాలు పడినా టోర్కోల్ కంటే నిదానం కాలేదు, కాబట్టి రెండూ ఎదురెదురుగా దిగితే మిగిలేది ఎండే. టైరానిటార్ (61) విషయంలో మాత్రం తేడా వెంట్రుకవాసి. వేగం మీద ఏమీ పెట్టకపోతే 50వ లెవెల్‌లో పెలిప్పర్ 85, టైరానిటార్ 81. నాలుగు పాయింట్ల తేడాతో ఇసుక మిగులుతుంది. పెలిప్పర్ వేగాన్ని పూర్తిగా తగ్గించి, అంటే ఐవీ (పుట్టుకతో వచ్చే అదనపు పాయింట్లు) సున్నా చేసి, వేగం తగ్గించే నేచర్ (స్వభావం) ఇచ్చి 63కి దించితే వాన మిగులుతుంది. కానీ అది ఊరికే రాదు, టెయిల్‌విండ్ అందరికంటే చివర్లో పడుతుంది, హరికేన్ కొట్టేలోపే దెబ్బ తినేస్తుంది. ఎదుట టైరానిటార్‌లు ఎక్కువగా కనిపిస్తున్న రోజుల్లో ఈ బేరం చేయొచ్చు, లేని రోజుల్లో దండగ.

ఈ నియమం అన్నిటికంటే గట్టిగా కనిపించింది 2016లో. ఆ ఏడాది నిబంధనల్లో ప్రైమల్ గ్రౌడాన్, ప్రైమల్ కయోగ్రే (ఆ రెండింటి మరింత బలమైన రూపాలు) రెండూ ఆడొచ్చు. గ్రౌడాన్ తెచ్చే మండుటెండలో నీటి దెబ్బ సగం కావడం కాదు, అసలు ఆవిరైపోతుంది. కయోగ్రే జడివానలో నిప్పుకీ అదే గతి. రెండింటి బేస్ వేగమూ 90. ముందు కొట్టాలంటే వేగం కావాలి, ఆకాశం దక్కాలంటే నిదానం కావాలి, ఒకే అంకెతో రెండూ కుదరవు. ఆ ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రపంచ పోటీ గెలిచిన వుల్ఫ్ గ్లిక్ టీమ్‌లో కయోగ్రే పక్కన రేక్వేజా ఉంది. రేక్వేజా మామూలు రూపంలో ఎయిర్ లాక్‌తో వెదర్ ప్రభావాన్నే ఆపేస్తుంది, మ్యాచ్‌లో మెగా అయితే, అంటే ఇంకా బలమైన రూపంలోకి మారితే, డెల్టా స్ట్రీమ్ అనే తన సొంత గాలిని తెస్తుంది. వానను నమ్ముకున్న టీమ్‌లోనే వాన, ఎండ రెండిటినీ మూసేసే మీట కూడా ఉందన్నమాట. సమతూకం అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అన్నట్టు, వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఈ ఆటలో వాన రాకడ ఇద్దరికీ తెలుసు. పెద్ద పోటీల్లో ఇప్పుడు టీమ్ షీట్ ఇద్దరికీ చూపిస్తారు: ఎబిలిటీ, ఐటమ్, మూవ్‌లు అన్నీ అందులో ఉంటాయి. నేచర్, వేగం మీద పెట్టిన పాయింట్లు మాత్రం ఉండవు. మ్యాచ్ మొదట్లో ఏ ఎబిలిటీ ముందు పలికిందో చూసి ఆ దాచిన వేగాన్ని అవతలివాడు అంచనా వేస్తాడు. వాన తెచ్చిన పెలిప్పర్ దానితోపాటు తన గుట్టు కూడా కొంత బయటపెడుతుంది.

వాన పోయినా చేతిలో మిగిలేది

వెదర్‌ను వాడుకునే పోకెమాన్‌ను ఎంచుకునేటప్పుడు అందరూ చూసేది వానలో అంకెలు. చూడాల్సింది ఇంకొకటుంది: వెదర్ పోయాక దానికి ఏం మిగులుతుంది?

2023 డిసెంబరులో వచ్చిన ఆర్కలుడాన్‌ను తీసుకుందాం. దాని ఎలక్ట్రో షాట్ బలం 130. మామూలుగా ఒక టర్న్ శక్తి కూడగట్టుకుని తర్వాతి టర్న్‌లో కొట్టాలి, వానలో అయితే వెంటనే కొట్టేస్తుంది. కొట్టే ముందు స్పెషల్ అటాక్ ఒక మెట్టు పెరుగుతుంది. వాన ఆగిపోయినా ఆ పెరిగిన మెట్టు తగ్గదు. రెండు టర్న్‌ల వానలో రెండుసార్లు కొట్టగలిగితే రెండు మెట్లు, అంటే స్పెషల్ అటాక్ రెట్టింపు. ఆ తర్వాత ఎండ వచ్చినా ఇసుక లేచినా ఫ్లాష్ కానన్, డ్రాగన్ దెబ్బలు అదే బలంతో పడతాయి. వాన దానికి మెట్టు మాత్రమే. ఎక్కేశాక మెట్టు లేకపోయినా పర్వాలేదు.

దీని పక్కన బారాస్క్యూడాను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బేస్ వేగం 136, వానలో రెట్టింపయితే దాన్ని అందుకునేది దాదాపు ఉండదు. కానీ డిఫెన్స్ 60, స్పెషల్ డిఫెన్స్ 50, ప్రాణం 61. వాన ఆగితే వేగం ఇంకా బాగానే ఉంటుంది గానీ నీటి దెబ్బ బలం ఒకటిన్నర నుంచి ఒకటికి పడిపోతుంది, ఎదుట గడ్డి పోకెమాన్ ఉంటే ఇక చేసేదేమీ లేదు. బాస్కులీజియన్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. స్విఫ్ట్ స్విమ్ వల్ల వాన దానికి వేగాన్నిస్తుంది (వేగంపై పూర్తిగా పెడితే మామూలు నేచర్‌తో 130, వానలో 260), కానీ దాని అసలు ఆయుధం లాస్ట్ రెస్పెక్ట్స్ నీటిది కాదు, దెయ్యం రకానిది. బలం 50తో మొదలై పడిపోయిన ప్రతి తోడుకూ 50 పెరుగుతుంది. అంటే ఎదుటివాడు నీటిని అడ్డుకోవడానికి తెచ్చిన గ్యాస్ట్రోడాన్ దీని ముందు ఉత్తదే.

మంచు టీమ్‌లోనూ ఇదే సూత్రం. అలోలా నైన్‌టేల్స్ వేసే అరోరా వెయిల్ అనే రక్షణ తెరకు మంచు అవసరమయ్యేది వేసే క్షణంలోనే. ఒకసారి పడ్డాక మంచు పోయినా తెర ఉంటుంది, డబుల్స్‌లో రెండు రకాల దెబ్బలనూ మూడో వంతు తగ్గిస్తుంది. ఎండ వైపు ఫ్లటర్ మేన్, రేజింగ్ బోల్ట్ లాంటి ప్రాచీన పోకెమాన్ ఈ సూత్రాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. ఎండ ఉంటే ప్రోటోసింథసిస్ వల్ల వాటి అన్నిటికంటే పెద్ద గుణం 30 శాతం పెరుగుతుంది, అది వేగమైతే 50 శాతం. ఎండ లేకపోతే బూస్టర్ ఎనర్జీ అనే ఐటమ్ అదే పని చేస్తుంది, ఎండ ఉన్నంతసేపూ ఆ ఐటమ్ ఖర్చు కూడా కాదు. ఎండ టీమ్‌లో ఉంటూ ఎండ మీద ఆధారపడకపోవడం అంటే అదీ.

ఒక నమూనా టీమ్, ఒక టర్న్

2024 సెప్టెంబరు నుంచి 2025 జనవరి మొదటి వారం దాకా నడిచిన రెగ్యులేషన్ హెచ్ అనే నిబంధనల్లో లెజెండరీలు, పారడాక్స్ పోకెమాన్ (ఫ్లటర్ మేన్ లాంటివి) లేవు. వాన టీమ్‌ను అర్థం చేసుకోవడానికి ఇది మంచి మైదానం. దానికి సరిపడే ఒక టీమ్: పెలిప్పర్, ఆర్కలుడాన్, బాస్కులీజియన్, ఇన్సినరోర్, రిల్లాబూమ్, గార్చోంప్.

వాన మీద ఆధారపడేవి మొదటి మూడే. అవి కూడా ఒకదాని బలహీనతను ఇంకొకటి కాచుకుంటాయి. ఆర్కలుడాన్‌కు భయం నేల దెబ్బ, ఫైటింగ్ దెబ్బ. నేల దెబ్బ పెలిప్పర్‌కి అసలు తగలదు, ఫైటింగ్ దెబ్బ దెయ్యం రకమైన బాస్కులీజియన్‌కి తగలదు. పెలిప్పర్‌కి ప్రాణాంతకమైన విద్యుత్తు ఆర్కలుడాన్ మీద సగమే. ఈ ముగ్గురి మధ్య స్విచ్‌లతోనే, అంటే ఒకదాన్ని తీసి ఇంకొకటి దించడంతోనే, ఒక మ్యాచ్ నడపొచ్చు. ఆర్కలుడాన్‌కి ఉన్న నిప్పు భయం కూడా పెద్దది కాదు, ఉక్కు, డ్రాగన్ రకాలు కలిసి దాన్ని మామూలు దెబ్బ చేస్తాయి, వాన ఇంకో సగం తీసేస్తుంది.

మిగతా మూడింటికీ వానతో పనిలేదు. ఇన్సినరోర్ నిప్పు దెబ్బ సొంత వానలోనే సగమైపోతుంది కదా అని అడగొచ్చు. దాన్ని తెచ్చేది దెబ్బ కోసం కాదు: దిగగానే ఎదుటి ఇద్దరి అటాక్ తగ్గించడానికి, ఫేక్ అవుట్‌తో ఒకదాన్ని ఒక టర్న్ ఆపడానికి, పార్టింగ్ షాట్‌తో లోపలికి జారుకుంటూ పెలిప్పర్‌ను దించడానికి. రిల్లాబూమ్ గడ్డి దెబ్బ గ్యాస్ట్రోడాన్‌కి నాలుగు రెట్లు, పైగా అది నేలంతా పరిచే గ్రాసీ టెరైన్ ఎదుటివాడి ఎర్త్‌క్వేక్‌ను సగం చేసి ఆర్కలుడాన్‌ను కాస్తుంది. ఇక్కడే ఒక మెలిక: ఆ టెరైన్ సొంత గార్చోంప్ ఎర్త్‌క్వేక్‌ను కూడా సగం చేస్తుంది. అందుకే గార్చోంప్‌కి స్టాంపింగ్ టాంట్రమ్ ఇస్తే మేలు. టెరైన్ దాన్ని తగ్గించదు, పక్కనున్న ఆర్కలుడాన్‌కి తగలదు కూడా. గార్చోంప్ నిప్పును తట్టుకుంటుంది, ఇసుక దాన్ని ఏమీ చేయదు, దాని దెబ్బకు వానా ఎండా ఒకటే. ఎదుటివాడు వెదర్ లాగేసుకున్న మ్యాచ్‌లో ముందుకొచ్చేది అదే.

ఇప్పుడు ఎదుట టోర్కోల్, వీనుసార్ దిగాయనుకుందాం. ఎండలో క్లోరోఫిల్ వల్ల వీనుసార్ వేగం 132 నుంచి 264 అవుతుంది, నిద్రపుచ్చే స్లీప్ పౌడర్ చల్లడానికి సిద్ధంగా ఉంటుంది. టోర్కోల్ నిండు ప్రాణంతో ఎరప్షన్ అనే నిప్పు దెబ్బ కొడితే బలం 150, ఎండలో మరో ఒకటిన్నర రెట్లు.

పెలిప్పర్, బాస్కులీజియన్‌లతో మొదలుపెడితే కథ అక్కడికక్కడే అయిపోతుంది. వాన ఒక్క క్షణం పడి ఎండకు చోటిస్తుంది, బాస్కులీజియన్ 130 వేగంతో 264 ముందు నిలబడుతుంది. అదే ఇన్సినరోర్, బాస్కులీజియన్‌లతో మొదలుపెట్టి పెలిప్పర్‌ను వెనక ఉంచితే? మొదటి టర్న్‌లో ఇన్సినరోర్ వీనుసార్ మీద ఫేక్ అవుట్ వేస్తుంది. బాస్కులీజియన్‌ను లోపలికి తీసి పెలిప్పర్‌ను దించుతారు. స్విచ్‌లు దెబ్బల కంటే ముందే జరుగుతాయి కాబట్టి టోర్కోల్ నోరు తెరిచేసరికి ఆకాశం మారిపోయి ఉంటుంది. ఎరప్షన్‌కి ఉండాల్సిన ఒకటిన్నర రెట్లు సగమైపోయింది, అంటే అనుకున్నదాంట్లో మూడో వంతు. అది పడేదీ నిప్పును తట్టుకునే ఇద్దరి మీద. వీనుసార్ వేగం మళ్లీ 132. బాస్కులీజియన్ గాయం లేకుండా వెనక కూర్చుంది. ఎదుటివాడికి మళ్లీ ఎండ కావాలంటే టోర్కోల్‌ను లోపలికి తీసి, ఇంకోసారి దించాలి. రెండు స్విచ్‌లు, అంటే కొట్టకుండా పోయిన రెండు అవకాశాలు.

అవతలివాడు దీన్ని ఊహించి మొదటి టర్న్ దెబ్బలను ఆపే ప్రొటెక్ట్ వేయొచ్చు, వీనుసార్‌ను మార్చొచ్చు, అది వేరే సంగతి. వాన తెచ్చేదాన్ని ఎప్పుడు దించకూడదో తెలిసిన టీమ్‌కే ఆ వాన పనికొస్తుంది. మిగతా మూడూ సొంతంగా ఆడగలిగితేనే పెలిప్పర్‌ను వెనక ఉంచే తీరిక దొరుకుతుంది.

ఎండ, ఇసుక, మంచు

నాలుగింటి స్వభావం ఒకటి కాదు. వానా ఎండా దెబ్బను పెంచుతాయి, ఇసుకా మంచూ ఒంటిని గట్టిపరుస్తాయి. ఇసుకలో రాతి పోకెమాన్‌కి స్పెషల్ డిఫెన్స్ ఒకటిన్నర రెట్లు, 2022లో వడగళ్ల స్థానంలో వచ్చిన మంచులో ఐస్ పోకెమాన్‌కి మామూలు డిఫెన్స్ ఒకటిన్నర రెట్లు. వడగళ్లలా మంచు ప్రాణం తీయదు. కాబట్టి ఇసుక టీమ్ సహజంగానే సమతూకంగా ఉంటుంది: టైరానిటార్ తానే తెచ్చుకుని తానే లాభపడుతుంది, శాండ్ రష్ ఉన్న ఎక్స్‌కడ్రిల్ ఒక్కటి తోడుంటే చాలు. ఎవరి దెబ్బా పెరగదు కాబట్టి ఇసుక పోతే పెద్దగా పోయేదీ ఉండదు.

ఎండ టీమ్‌కి ఉన్న ప్రత్యేకత వేరు. టోర్కోల్ అంత నిదానం కాబట్టి, నిదానమైనవే ముందు కదిలే ట్రిక్ రూమ్‌లో అందరికంటే ముందు కొడుతుంది, వీనుసార్ ట్రిక్ రూమ్ లేకుండా ముందు కొడుతుంది. ఒకే టీమ్‌లో రెండు గేర్లు. కానీ రెండింటినీ ఒకే మ్యాచ్‌లో వేస్తే బండి ఆగిపోతుంది, ఏ మ్యాచ్‌కి ఏది అన్నది నలుగురిని ఎంచుకునేటప్పుడే తేల్చుకోవాలి. వెదర్ టీమే కాని టీమ్‌లు కూడా ఎండను ఆయుధంగా వాడతాయి. ప్రాంక్‌స్టర్ ఉన్న విమ్సికాట్ అందరికంటే ముందు సన్నీ డే వేసి ఎదుటి వానను చెరిపేస్తుంది. ఆ ఎండతో దానికి ఏ లాభమూ ఉండక్కర్లేదు.

మంచు ఇంకా నాలుగో స్థానంలోనే ఉంది. దాన్ని తెచ్చే ప్రధాన పోకెమాన్ అలోలా నైన్‌టేల్స్ బేస్ వేగం 109, వేగమైనది కాబట్టే ఎదురెదురుగా దిగినప్పుడు దాని మంచు ఎవరికైనా ఓడిపోతుంది.

సింగిల్స్‌లో, రాబోయే రోజుల్లో

ఆరుకు ఆరు ఆడే సింగిల్స్‌లో మ్యాచ్ పొడుగు, కాబట్టి 8 టర్న్‌ల రాయికి విలువ పెరుగుతుంది. కానీ అక్కడ స్టెల్త్ రాక్ అనే ఉచ్చు ఉంటుంది, దిగినవాటినల్లా గాయపరుస్తుంది. పెలిప్పర్ దిగిన ప్రతిసారీ నాలుగో వంతు ప్రాణం పోతుంది. దాన్ని తప్పించే బూట్లు పట్టిస్తే రాయి పట్టుకోలేదు, రాయి పట్టిస్తే నాలుగుసార్లు దిగే ఓపిక ఉండదు. లాస్ట్ రెస్పెక్ట్స్ లాంటి మూవ్‌కి సింగిల్స్‌లో ఐదుగురు పడిపోయే అవకాశముంది, బలం 300 దాకా పోతుంది. ఇసుకలో రెట్టింపు వేగంతో అది కొట్టే హౌండ్‌స్టోన్‌ను స్మోగన్ 2022 చివర్లోనే నిషేధించింది, తర్వాత ఆ మూవ్‌నే తీసేసింది.

డబుల్స్‌లో రాబోయే మార్పు మెగా ఎవల్యూషన్ నుంచి ఉండొచ్చు. నింటెండో స్విచ్ కన్సోల్‌తోపాటు మొబైల్‌లో కూడా వస్తుందని 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన పోకెమాన్ చాంపియన్స్ అనే ఆటలో మెగాలు ఉన్నాయి. మెగా చారిజార్డ్ వై మెగా అయిన క్షణంలో డ్రౌట్ పనిచేస్తుంది, అది జరిగేది స్విచ్‌ల తర్వాత, దెబ్బలకు ముందు. పైన చెప్పిన మ్యాచ్‌లో టోర్కోల్ బదులు చారిజార్డ్ ఉంటే పెలిప్పర్‌ను మొదటి టర్న్‌లోనే దించడం పనిచేయదు: వాన పడ్డాక చారిజార్డ్ మెగా అవుతుంది, ఎండే మిగులుతుంది. పెలిప్పర్‌ను ఇంకో టర్న్ ఆపి, అది మెగా అయ్యాక దించాలి. అంటే అంతదాకా, ఎండలో, వాన లేకుండా, ఆ ఒక్క టర్న్‌ను మిగతావాళ్లే మోయాలి.